కొస పాట

నేను ఒక అరవై నిమిషాల మౌనాన్ని. పుట్టినప్పుడు నాకున్న పరిచయం అంతే. పెట్టె మీద కూడా అరవై అనే అంకె తప్ప ఇంకేమీ లేదు. మనుషులకు పుట్టగానే పేరు పెడతారు, ఎంతకాలం ఉంటారో మాత్రం చెప్పరు. మా క్యాసెట్లకు ఎంతసేపో ముందే రాసిపెట్టి, పేరు సంగతి తర్వాత చూసుకుంటారు.

నా ఒళ్లు పలచటి గోధుమరంగు పట్టీ. దాని మీద పూసింది మెత్తగా నూరిన ఇనుప తుప్పు. గేట్లకూ బకెట్లకూ పడితే మనుషులు గీకి పారేసేది అదే. మా జాతికి మాత్రం అదే జ్ఞాపకశక్తి. పాడైపోయిన ఇనుముకే పాటను గుర్తుపెట్టుకునే గుణం ఉండటం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఆలోచించడానికి నాకు తీరిక ఎక్కువ.

నా గురించి ఇంకొక్క సంగతి చెప్పి కథలోకి వస్తాను. నాకు రెండు పక్కలు. ఒక పాట పట్టీకి ముందువైపు, ఇంకోటి వెనకవైపు ఉంటాయని చాలామంది అనుకుంటారు. అలా కాదు. రెండూ ఒకేవైపు, ఒకే దారికి రెండు అంచుల్లా పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఇటు నడిస్తే రెండోది అటు నడుస్తుంది. అందుకని మొదటి పక్క ఎక్కడ ముగుస్తుందో, రెండో పక్క సరిగ్గా అక్కడే మొదలవుతుంది. నా కథ అంతా ఆ కాస్త చోటులోనే జరిగింది.

ఫ్యాక్టరీలో నన్ను చుట్టి, మరలు బిగించి, పదిమందితో కలిపి కట్టగట్టి పంపితే గుంతకల్లు చేరాను. స్టేషను రోడ్డులో మద్దిలేటి అనే ఆయనకు రికార్డింగు షాపు ఉండేది. ఆ రోజుల్లో పాటలు కావలసినవాళ్లు ఒక చీటీ మీద పేర్లు రాసి తెచ్చేవారు. మద్దిలేటి ఖాళీ క్యాసెట్టు ఒకటి తీసి, రికార్డుల నుంచి ఆ పాటలు వరసగా ఎక్కించి, వారం తర్వాత ఇచ్చేవాడు. ఎవరి చీటీ చూసినా దాదాపు అవే పాటలు. రైలు జంక్షను కావడంతో ఊళ్లో నాలుగు భాషలవాళ్లు ఉండేవారు, అందరి చెవీ మాత్రం ఒకటే అన్నట్టుండేది.

ఒక పక్కకు ముప్పై నిమిషాలు. ఏడు పాటలు ఎక్కించాక కొసన రెండు మూడు నిమిషాల పట్టీ మిగిలిపోయేది. ఎనిమిదో పాట అందులో పట్టదు. మిగతా షాపులవాళ్లు ఆ ఖాళీని అలాగే వదిలేసేవారు, లేకపోతే ఏదో ఒక పాటను సగంలో తెగిపోయేలా ఎక్కించేవారు. మద్దిలేటికి పాట సగంలో తెగితే కంట్లో నలుసు పడ్డట్టుండేది. అందుకని ఆ మిగిలిన చోటులో సరిగ్గా పట్టేలా తన దగ్గరున్న ఇంకేదో పాట పెట్టేవాడు. అది ఎవరూ అడిగింది కాదు. అట్ట మీద దాని పేరు కూడా రాసేవాడు కాదు. తనలో తాను దాన్ని కొస పాట అనుకునేవాడు.

ఆ పాటలు ఎక్కడెక్కడివో. ఉరుసులో గుంపంతా అలసి కూర్చున్నాక ఒక ముసలి ఖవాలీ గాయకుడు ఒక్కడే అందుకున్న రెండు చరణాలు. బళ్లారి వైపు నుంచి వచ్చిన, శివభక్తులు పాడుకునే కన్నడ వచనం. నాట్ల నుంచి నేరుగా వచ్చి బురద కాళ్లతోనే చర్చిలో నిలబడ్డ ఆడవాళ్ల కీర్తన. పొడవెక్కువైందని సినిమాలోంచి తీసేసిన పాట. ఊరు విడిచిపోతూ ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు అమ్మేసిన రికార్డుల్లో, మనిషి గొంతు లేకుండా బాకా ఒక్కటే తనలో తాను మాట్లాడుకునే ఇంగ్లీషు సంగీతం. మద్దిలేటి చీటీలోని పాటల వరసను వైద్యుడు నాడి చూసినట్టు చూసేవాడు. ఇంత తీపి తిన్న మనిషికి తర్వాత ఏం తినాలనిపిస్తుంది అని ఆలోచించి కొస పాట ఎంచేవాడు.

మనం ఒకరికి పాట వినిపించేటప్పుడు మన చెవులు పాట మీద ఉండవు. కళ్లు వినేవాళ్ల ముఖం మీద ఉంటాయి. పాట అప్పటికే మనకు తెలుసు, తెలియనిది ఆ ముఖమే. మద్దిలేటికి ఆ ముఖం ఎప్పుడూ కనబడలేదు. ఊళ్లో వందల ఇళ్లకు కొస పాటలు పంపాడు, ఒక్కరు వెనక్కి వచ్చి అదేమిటని అడిగిన పాపాన పోలేదు. ఒకసారి బట్టల వ్యాపారి ఒకాయన మాత్రం వచ్చాడు.

"ఏమప్పా మద్దిలేటీ, బాగుండే పాటలే ఎక్కించినావు. కొసాన ఆ ఏడుపేంది? శుభమా అని ఇంట్లో పేరంటం పెట్టుకొంటే."

 మద్దిలేటి దాన్ని చెరిపి ఇచ్చాడు. ఆ సాయంత్రం ఇంకెవరి క్యాసెట్టులోనో మళ్లీ ఒక కొస పాట పెట్టాడు. జవాబు రాకపోయినా మాట్లాడుతూ పోవడం కొందరికి మొండితనం, కొందరికి ఊపిరి. ఆయనకు రెండోది అనుకుంటాను.

నన్ను పెట్టెలోంచి తీసింది వన్నూరప్ప కోసం. వన్నూరప్ప రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తా. ఆదోనిలో ఒక పిల్లను చూసి వచ్చాడు. పెళ్లిచూపులకూ తాంబూలాలకూ నడుమ పిల్లకు పాటల క్యాసెట్టు పంపడం అప్పట్లో కొత్త మోజు. ఆఫీసులో స్నేహితుడు చెప్పిన ప్రేమ పాటలు చీటీ మీద రాసుకొచ్చాడు. అందులో సగం తాను వినలేదని మద్దిలేటి దగ్గర ఒప్పుకున్నాడు. ఆ తర్వాత చాలాసేపు నిలబడి, చొక్కా జేబులోంచి గీతలు పడ్డ పాత క్యాసెట్టు ఒకటి తీశాడు.

అందులో ఉన్నది రేడియోలో రైతుల కార్యక్రమం నుంచి, రేడియో ముందు టేపురికార్డరు పెట్టి ఎక్కించుకున్న ఒక కపిల పాట. బావిలోంచి ఎద్దులతో తోలుబాన లాగించి నీళ్లు తోడేటప్పుడు పాడేది. గిలక కీచుమంటుంటే ఒక బొంగురు గొంతు ఎద్దులు వెనక్కి నడిచినప్పుడు ఒక మాట, ముందుకు లాగినప్పుడు ఒక మాట పాడుతుంది. రెండున్నర నిమిషాలు ఉంటుందేమో.

"దీన్ని రెండో పక్క మొట్టమొదట పెట్టన్నా," అన్నాడు వన్నూరప్ప. "మొదటి పక్క ముందర పెడితే నాకు సిగ్గు. కొసాన పెడితే వినకుండానే ఆపేస్తారు. తిప్పి పెట్టుకొన్న మనిషి మొదటి పాట తప్పకుండా వింటాది గదా."

"అట్ట మీద పేరేమని రాయాల?"

"ఏమీ రాయొద్దు. ఇదేందని తానే అడుగుతాది."

మద్దిలేటి ఆ కుర్రవాణ్ని కొత్తగా చూశాడు. ఎవరైనా అడగాలని ఎదురుచూసే మనిషి ఈ ఊళ్లో తానొక్కడే అనుకుంటున్నాడు ఇన్నాళ్లూ.

అలా నా రెండో పక్క మొదట్లో కపిల పాట చేరింది. మొదటి పక్క కొసన మామూలుగానే చోటు మిగిలింది. మద్దిలేటి బాగా ఆలోచించి అక్కడ దీపం పాట పెట్టాడు. నాటకాల్లో వేషాలు మానేసిన ఒక పెద్దామె, ఒక మధ్యాహ్నం ఆ షాపులోనే స్టూలు మీద కూర్చుని పాడింది అది. ఒక స్త్రీ దీపంతో మాట్లాడుతుంది. నాకోసం నువ్వు మేలుకోనక్కర లేదు, నేను ఎదురుచూడటం మానేశాను, నీ నూనె నీకు దాచుకో అంటుంది. గొంతులో ఏడుపు లేదు. చెల్లెలికి జాగ్రత్త చెబుతున్నట్టు ఉంటుంది. పక్కన ఒక పాత హార్మోనియం తప్ప ఇంకే వాద్యమూ లేదు.

ఒకే పట్టీ, రెండు అంచులు. ఒక అంచున దీపం ముగుస్తుంటే, ఇంకో అంచున బావి మొదలవుతుంది. నేను వాటిని మోసుకుని ఆదోని వెళ్లాను.

ఆ పిల్ల పేరు కమలాక్షి. మగ్గం నేసే అన్నా వదినల దగ్గర ఉండేది. మేనత్త దగ్గర హార్మోనియం నేర్చుకుంది. వారంలోగా మాట చెబుతానని అన్నతో అన్నదే గాని, ఆమె మనసు కాదనే వైపే మొగ్గి ఉంది. వచ్చినవాడు పళ్లెంలోని బజ్జీలను చూస్తూ కూర్చుని, మంచినీళ్లు అడిగి వెళ్లిపోయాడు. చెక్క మనిషి అని వదినతో చెప్పింది. బతుకంతా ఒక చెక్కతో ఏం మాట్లాడటం అని ఆమె భయం.

నన్ను మొదటిసారి వేసినప్పుడు చుట్టుపక్కల పిల్లలంతా చేరారు. ఒక్కో ప్రేమ పాటకూ ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుని నవ్వారు. ఏడు పాటలూ అయ్యాక లేచి వెళ్లిపోయారు. టేపు ఆపడం ఎవరికీ గుర్తులేదు. కమలాక్షి ఒక్కతే చాపలు చుడుతోంది. కాసేపు నా ఊపిరి మాత్రం వినబడింది. తర్వాత హార్మోనియం మొదలైంది.

ఆమె చాప చేతిలో పట్టుకునే నిలబడిపోయింది. ఆ హార్మోనియం తిత్తికి ఎక్కడో చిల్లు ఉంది. స్వరానికీ స్వరానికీ నడుమ గాలి పోతున్న చప్పుడు వినబడుతోంది. పాడుతున్నామె ఆ చప్పుడును కూడా పాటలో కలుపుకుని, అది ఆగేదాకా ఆగి, తర్వాతి మాట అంటోంది. వాయించేవాళ్లకు గాని తెలియని సంగతి అది. ఆమె నన్ను వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. మళ్లీ.

ఆ రోజు కమలాక్షి మనసులో ఏం జరిగిందో నాకు తెలుసు. మనుషులు ప్రేమించేది ఎదుటి మనిషిని కాదు. ఎదుటి మనిషిలో తమకోసం ఒక గది ఖాళీగా ఉందన్న ఊహను. ఏడు పాటలూ ఊరికోసం, కొసన ఉన్నది తనకోసం అని ఆమెకు తోచింది. మాటలు రాని మనిషి అట్ట మీద పేరైనా రాయకుండా, అందరూ లేచిపోయాక వినమని ఒక రహస్యం పంపాడు. చెక్క కాదు. లోపల నిండుగా ఉండి, మూత గట్టిగా బిగించిన మనిషి.

"కొసాన పెట్టినాడు వదినా," అంది. "నలుగురిలో వినేది కాదని తెలుసు ఆయనకు."

"మగ్గంలో నూలు తెగినా పట్టించుకోనిదానివి, కొసాన పాటకు తెగిపోయినావే," అంది వదిన. "ముందర పెట్టింటే ఈపాటికి బండెక్కి గుంతకల్లుకు పోయుంటావు."

ఆ తర్వాత నన్ను తిప్పి పెట్టారు. గిలక కీచుమంది. బొంగురు గొంతు లేచింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వదిన నవ్వాపుకోలేక, షాపాయన పాత క్యాసెట్టునే అంటగట్టాడని, దాని మీద ముందున్న రైతుల కార్యక్రమం సరిగ్గా చెరపలేదని తేల్చింది. కమలాక్షికి అది నిజమే అనిపించింది. ముందుకు జరిపే బటను నొక్కింది. కపిల పాట చిలకల గుంపులా కిచకిచమని దూసుకుపోయింది.

వారం కాకముందే ఆమె సరేనంది.

గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో వాళ్ల కాపురం మొదలైంది. నేను కూడా పెట్టెలో చీరల నడుమ వచ్చాను. కమలాక్షి ఎదురుచూసింది. ఎప్పుడో ఒకరోజు ఆయన తానుగా ఆ పాట సంగతి ఎత్తుతాడు, ఎక్కడ విన్నదీ, ఎందుకు పంపిందీ చెబుతాడు అనుకుంది. అడిగితే పోయేదేగా అని మీరు అనవచ్చు. అడిగితే చెప్పేదానికి అంత విలువ లేదని ఒక గర్వం ఉంటుంది మనుషుల్లో. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ఓపిక.

ఒక ఆదివారం ఉదయం ఆమె కందిపప్పు ఏరుతూ నన్ను వేసింది. వన్నూరప్ప పక్కనే బూట్లకు పాలిషు పెడుతున్నాడు. ఏడో పాట అయిపోయింది. ఆమె చేట మీద చేయి కదలడం ఆగింది. అతను లేచి వచ్చి, స్టాపు బటను నొక్కాడు.

"ఇంకొక పాటుండాది గదా," అంది కమలాక్షి.

"అది మనది కాదులే. టేపు మిగిలితే షాపాయన ఏదో ఒకటి నింపుతాడు."

ఆమె చేట వైపు చూసింది. రాళ్లు ఏరడం మళ్లీ మొదలుపెట్టింది. ముఖంలో ఏ మార్పూ లేదు. అంత నిశ్శబ్దంగా కూలిపోయే ఇంటిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఏ మనిషిని నమ్మి వచ్చిందో ఆ మనిషి ఈ క్వార్టర్సులో లేడు. ఎక్కడా లేడు. ఉన్నవాడు మంచివాడే, బూట్లకు శ్రద్ధగా పాలిషు పెట్టుకుంటున్నాడు.

అతను నన్ను కొసదాకా చుట్టి, తిప్పి రెండో పక్క పెట్టాడు. తిరిగి వెళ్లి కూర్చుంటూ, ఓరకంట ఆమెను చూశాడు. పెళ్లైన దగ్గర్నుంచి అతనూ దీనికోసమే ఎదురుచూస్తున్నాడు. గిలక కీచుమన్నదో లేదో, కమలాక్షి చేయి చాచి అలవాటుగా ముందుకు జరిపే బటను నొక్కింది. చిలకల గుంపు కిచకిచమంటూ పోయింది.

వన్నూరప్ప బ్రష్షు తీసుకుని రెండో బూటు మొదలుపెట్టాడు. అతని ముఖంలోనూ మార్పు లేదు.

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. వాళ్లు పోట్లాడుకోలేదు. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు సెలవు పెట్టారు. రైలు ఆలస్యమైతే అన్నం మూతపెట్టి కూర్చున్నారు. చూసేవాళ్లకు అన్యోన్య దాంపత్యం. అది అబద్ధమూ కాదు. కాని ఇద్దరిలోనూ ఒక్కో చిన్న గది తాళం వేసి ఉండేది. ఆ తాళంచెవులు నా దగ్గర, ఒకే పట్టీ మీద, పక్కపక్కన ఉండేవి. నాకు పాడటమే వచ్చు గాని చెప్పడం రాదు.

ఆయన డ్యూటీకి వెళ్లాక కమలాక్షి అప్పుడప్పుడు దీపం పాట వినేది. ఆ ఇంటి టేపురికార్డరు పాతబడే కొద్దీ అందులో పట్టీని చదివే తల కాస్త పక్కకు జరిగింది. అలా జరిగినప్పుడు ఒక అంచు పాటతో పాటు రెండో అంచు పాట కూడా సన్నగా, కొస నుంచి మొదటికి నడుస్తూ వినబడుతుంది. దీపంతో మాట్లాడే గొంతు వెనక, ఎవరో మాటలను లోపలికి మింగుతున్నట్టు ఒక బొంగురు శబ్దం. ఆమె దాన్ని పాటకు పడ్డ నీడ అనుకునేది. పాడుతున్నామె వెనక ఎవరో నిలబడి ఉన్నారని కూడా ఒకసారి అనుకుంది. ఆ ఊహ ఆమెకు నచ్చింది. ఎవరో తెలుసుకోవాలని మాత్రం అనిపించలేదు.

సీడీలు వచ్చాయి. వాటి వెనకే సెల్‌ఫోన్లు వచ్చాయి. స్టేషను రోడ్డులో మద్దిలేటి షాపు మూసేస్తున్నాడని కూరగాయల దగ్గర ఎవరో అంటుంటే కమలాక్షి విన్నది. ఆ మధ్యాహ్నం నన్ను సంచిలో వేసుకుని బయలుదేరింది. ఆ పాట ఎంచిన మనిషి ముఖం ఒక్కసారి చూడాలని ఆమెకు చాలాకాలంగా ఉంది. చూసి ఏం చేయాలో మాత్రం తెలియదు.

షాపులో అరలు సగం ఖాళీ అయ్యాయి. మద్దిలేటి జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చేతిలోకి తీసుకుని, అట్ట మీద తన రాతను గుర్తుపట్టాడు. ఏమైనా తెగిందా అని అడిగాడు. తెగలేదని, మొదటి పక్క కొసన ఉన్న పాట గురించి అడగడానికి వచ్చానని ఆమె చెప్పింది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. కూర్చోమనడం మరిచిపోయాడు.

"వింటివామ్మా?" అన్నాడు.

"వినేది కాదన్నా, అదే పట్టుకొని వేలాడినా. ఆ హార్మోనీకి ఎడమ తట్టు తిత్తి చిరిగింది కదా?"

మద్దిలేటి నవ్వు ఆ షాపు గోడలకు కొత్త. సైకిలు ట్యూబు ముక్కతో అతికించానని, పాట నడుమలో అది మళ్లీ ఊడిపోయిందని, పెద్దామె కనుసైగతోనే రికార్డింగు ఆపొద్దని చెప్పిందని, ఇదంతా ఎవరికైనా చెప్పడానికి ఇన్నేళ్లు దాచుకున్నట్టు చెప్పుకుంటూ పోయాడు. నేను ఇద్దరి నడుమ బల్ల మీద ఉన్నాను. ఆయన చూస్తున్నది ఆమె ముఖాన్ని. వందల క్యాసెట్లకు ఎదురుచూసిన ముఖం అది. ఒక్కటైనా దొరికింది.

ఆమె కూడా నవ్వింది. ఆ పాట తన మొగుడు పంపాడనుకునే పెళ్లికి ఒప్పుకున్నానని, నవ్వుతూనే, మామూలు సంగతిలా చెప్పింది. మద్దిలేటి నవ్వు ఆగిపోయింది. తనకు తెలియకుండా ఒక పెళ్లి చేసినవాడి ఇబ్బంది ఆయన ముఖంలో కనిపించింది. ఆయన్ని తేలిక పరచడానికి ఆమె మాట మార్చింది.

"అంత మంచి పాట పెట్టిన చేత్తోనే, రెండో పక్క ముందర ఆ కపిల పాట చెరపకుండా ఎట్ల వదిలేసినావన్నా? కంకరలో నడిచినట్లుంటాది."

మద్దిలేటి నన్ను రెండో పక్కకు తిప్పి చూశాడు.

"అది నేను వదిలింది కాదమ్మా," అన్నాడు. "ఈ క్యాసెట్టు మొత్తంలో మీ ఆయన సొంతంగా ఇచ్చింది అదొక్కటే. మిగిలినవి ఆయన స్నేహితుడు చెప్పినవి. తిప్పి పెట్టుకొన్న మనిషి తప్పకుండా వింటాది, ఇదేందని తానే అడుగుతాది అన్నాడు. పేరు కూడా రాయనీలేదు. అడిగితివా?"

కమలాక్షి బల్ల అంచు పట్టుకుంది. పెళ్లికి ముందు నుంచి ఈ రోజు వరకు తన వేలు నొక్కిన బటను ఆమెకు కనబడింది. అతను పక్కనే కూర్చుని ఉండగా నొక్కిన రోజులు కనబడ్డాయి. తాను ఒక మనిషి కోసం వెతుకుతూ, ఆ మనిషినే ముందుకు జరుపుతూ వచ్చింది.

వెళ్లేముందు ఆమె ఒక ఖాళీ క్యాసెట్టు అడిగింది. రెండు పక్కలా కొస పాటలే నింపి ఇవ్వమంది. ఏ పాటలో చీటీ రాసివ్వలేదు. ఆ షాపులో ఎక్కిన చివరి క్యాసెట్టు అదే. మద్దిలేటి దానికి తీసుకున్న సమయం చూస్తే షాపు మూయడం ఆయనకు ఇష్టం లేదేమో అనిపించేది. ఇప్పుడు అది నా పక్కనే ఉంటుంది. మంచి పిల్ల, కాస్త గర్వం.

ఆమె షాపుకు వెళ్లొచ్చిన రోజు సాయంత్రమే, వన్నూరప్ప డ్యూటీ దిగి వచ్చేసరికి టేపురికార్డరు హాల్లో బల్ల మీద ఉంది. అతను కుర్చీలో కూర్చుని ఒక బూటు విప్పాడు. కమలాక్షి ప్లే నొక్కింది. గిలక కీచుమంది. అతను అలవాటుగా ఆమె వేలి వైపు చూశాడు. వేలు కదల్లేదు. బొంగురు గొంతు మొదలైంది. ఎద్దులు వెనక్కి నడిచాయి, ముందుకు లాగాయి.

"ఫార్వర్డ్ చెయ్యలేదే," అన్నాడు.

"మీరు పెట్టిన పాటంట కదా."

అతను రెండో బూటు విప్పలేదు. బాన పైకి వచ్చి నీళ్లు కుమ్మరించిన చప్పుడు వినబడింది. పాట నడుమ, దూరంగా, ఎవరో "హో" అన్నారు. ఒక్కసారే.

"ఆ ఎద్దుల్ని అదిలించింది మా నాయన," అన్నాడు వన్నూరప్ప. "పాడేది మా చిన్నాయన. మా నాయనకు పాట రాదు. రేడియో వాళ్లొస్తే, నాకేమొస్తాదిరా నువ్వే పాడు అని ఎద్దుల తట్టు పోయినాడు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు, కమలా. ఆ ఒక్క కూతే."

ఆమె నన్ను వెనక్కి తిప్పింది. ఆ కూత దగ్గర మళ్లీ వేసింది. నా ఒంటి మీద అన్నిటికంటే ఎక్కువ అరిగిన చోటు అది, ఎప్పుడూ పరుగెత్తించడం వల్ల. అయినా కూత ఉంది. తుప్పు అంత తొందరగా మరిచిపోదు.

"ఎందుకు చెప్పలేదు?" అంది కమలాక్షి.

"నువ్వు అడుగుతావని."

ఆమె తల ఊపింది. తన సంగతీ అంతే అనలేదు, అనాల్సిన పని లేకపోయింది. నన్ను తిప్పి, మొదటి పక్క కొసకు తెచ్చి, దీపం పాట పెట్టింది. తాను దానికోసం ఈ ఇంటికి వచ్చానని చెప్పింది. వన్నూరప్ప ఒక కాలికి బూటుతో, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పార్సిలు మీద అడ్రసు చదివేటప్పుడు ముఖం ఎలా ఉంటుందో అలా పెట్టి, పూర్తిగా విన్నాడు. పాట వెనక బొంగురు నీడ ఉల్టాగా నడుస్తోంది. అది ఎవరిదో ఈసారి ఆమెకు తెలుసు.

పాట అయిపోయింది.

"నాకు అర్థం కాలేదు కమలా," అన్నాడు చివరికి, తప్పు చేసినవాడిలా.

"మీ కపిల పాట నాకేమన్నా అర్థమైందా? అర్థం కావాలని ఎవరన్నారు. స్టాపు నొక్కకుంటే చాలు."

ఇది జరిగి చాలాకాలమైంది. ఆ టేపురికార్డరు బెల్టులు సాగిపోయి మూలపడింది, బాగుచేసేవాళ్లు ఊళ్లో లేరు. నేనూ, నా పక్కనున్న ఆ గర్వం పిల్లా బిస్కెట్ల డబ్బాలో, హార్మోనియం పెట్టె పైన ఉంటున్నాం. అంటే నేను మళ్లీ అరవై నిమిషాల మౌనాన్ని అయ్యాను. పుట్టినప్పటి మౌనం కాదు ఇది. అప్పుడు నాలో ఏమీ లేదు కాబట్టి మౌనం. ఇప్పుడు ఉన్నది అందరికీ తెలుసు కాబట్టి మౌనం.

వన్నూరప్ప రిటైరయ్యాడు. కొన్ని సాయంత్రాలు కమలాక్షి నా డబ్బా పక్కకు పెట్టి హార్మోనియం తీస్తుంది. ఎద్దులు వెనక్కి నడిచే చోట తిత్తిని మెల్లగా వదులుతుంది, ముందుకు లాగే చోట గట్టిగా నొక్కుతుంది. నడుమ ఒక స్వరం దగ్గర ఆగుతుంది. అక్కడ వన్నూరప్ప, కుర్చీలోంచే, చిన్నగా "హో" అంటాడు. తర్వాత ఆమె దీపం పాట అందుకుంటుంది. అది అతనికి ఇప్పటికీ అర్థం కాదు. టీవీ గొంతు తగ్గిస్తాడు. ఆమె పెట్టె మూత వేసేదాకా లేవడు.